లెగ్విన్ ముందుమాటలు: ఏవి ముందు చదవాలి, ఏవి తర్వాత

అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత్రి ఉర్సులా లెగ్విన్ వ్యాసాల సంపుటి ‘వర్డ్స్ ఆర్ మై మ్యాటర్’ని దాని రెండో భాగం కోసమే కొనుక్కోవచ్చు. 2000 నుంచి 2016 దాకా ఆవిడ చేసిన ప్రసంగాలు, రాసిన వ్యాసాలు, పుస్తక సమీక్షలు ఇందులో ఉన్నాయి. చివర్లో, రచయిత్రుల విడిది ఒకదానిలో గడిపిన వారం రోజుల డైరీ ఉంది. 2016లో స్మాల్ బీర్ ప్రెస్ దీన్ని అచ్చువేసింది. సైన్స్ ఫిక్షన్ రంగంలో పేరున్న హ్యూగో అవార్డుల్లో 2017లో ‘బెస్ట్ రిలేటెడ్ వర్క్’ బహుమతి దీనికే దక్కింది. ఈ పుస్తకం పేరెత్తగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది 2014లో నేషనల్ బుక్ అవార్డుల వేదిక మీద ఆవిడ చేసిన ప్రసంగం. అది మొదటి భాగంలో ఉంది, నిజంగానే గొప్ప ప్రసంగం. కానీ చదివిన వెంటనే అల్మరాలో ఇంకో పుస్తకం వెతుక్కునేలా చేసేది మాత్రం రెండో భాగమే. ఇతరుల పుస్తకాలకి ఆవిడ రాసిన ముందుమాటలు, రచయితల మీద రాసిన పరిచయాలు అక్కడున్నాయి. హెచ్. జి. వెల్స్, ఆల్డస్ హక్స్‌లీ, స్టానిస్లావ్ లెమ్, ఫిలిప్ కె. డిక్, స్ట్రుగాట్‌స్కీ సోదరులు, జాక్ వాన్స్, వోండా మకింటైర్ ఒక వరస. పాస్టర్నాక్, సరమాగో, హెచ్. ఎల్. డేవిస్ లాంటివాళ్లు ఇంకో వరస. ఈ సమీక్ష ప్రధానంగా మొదటి వరస గురించి.

సైన్స్ ఫిక్షన్ నవలకి ముందుమాట రాయడం మామూలు నవలకి రాసినంత తేలిక కాదు. ఇక్కడ పాఠకుడు కథ ఒక్కటే తెలుసుకుంటే సరిపోదు, ఆ లోకం ఏ నియమాల మీద నడుస్తోందో కూడా తనే పోగుచేసుకోవాలి. మొదటి పేజీల్లో ఎదురయ్యే తెలియని మాటలు, అర్థంకాని మర్యాదలు, వివరణ లేని యంత్రాలు రచయిత కావాలని పెట్టినవి. వాటిని ముందుమాటలోనే విప్పేస్తే నవల చేయాల్సిన పని ముందుమాట చేసేసినట్టే. అలాగని ఏమీ చెప్పకుండా వదిలేస్తే, పాఠకుడు వేరే రకం కథ కోసం కాచుకుని కూర్చుని, అది రాకపోయేసరికి మధ్యలో మూసేస్తాడు. లెగ్విన్ బలం ఈ కొలత తెలియడంలో ఉంది. కథలో ఏం జరుగుతుందన్నది దాదాపుగా పక్కన పెట్టి, దీన్ని ఎలాంటి కథ అనుకుని మొదలుపెట్టాలో చెప్తారు. ముందుమాట నుంచి పాఠకుడికి కావలసింది అదే అని నా గట్టి అభిప్రాయం.

‘రోడ్‌సైడ్ పిక్నిక్’కి రాసిన ముందుమాట చూడండి. సోవియట్ రచయితలు, అన్నదమ్ములు అర్కాదీ, బోరిస్ స్ట్రుగాట్‌స్కీల ఈ నవల రష్యన్‌లో 1972లో పత్రికలో వచ్చింది. 1977లో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు లెగ్విన్ దాన్ని సమీక్షించారు. 2012లో షికాగో రివ్యూ ప్రెస్ కొత్త అనువాదం తెచ్చినప్పుడు, ఆ పాత సమీక్షలోని భాగాన్నే తీసుకుని ముందుమాటగా మలిచారు. అందులో పాఠకుడికి దారి చూపించేవి రెండే రెండు సంగతులు. మొదటిది: సెన్సారు నీడలో రాస్తూ కూడా ఈ అన్నదమ్ములు ప్రభుత్వాన్ని ఢీకొట్టే పని పెట్టుకోలేదు, భావజాలం ఊసే పట్టనట్టు, స్వేచ్ఛగా బతికే మనుషులు రాసినట్టు రాశారు, పశ్చిమ దేశాల రచయితలకే అది కష్టమయ్యేదని ఆవిడ ఒప్పుకుంటారు. రెండోది: ఇక్కడ గ్రహాంతరవాసులు వచ్చి వెళ్లిపోయారు, మనల్ని గమనించారో లేదో కూడా తెలీదు. వాళ్లు వదిలేసి పోయిన వస్తువుల చుట్టూ బతుకు వెతుక్కునేది మహా శాస్త్రవేత్తలూ వ్యోమగాములూ కాదు, మామూలు మనుషులు. అంతే. ఈ రెండూ తలలో ఉంటే, గ్రహాంతరవాసి ఎప్పుడు కనబడతాడా అని ఎదురుచూడకుండా కథానాయకుడు రెడ్రిక్ షూహార్ట్ వెనకాలే, ఆ వస్తువులు పడున్న ‘జోన్’లోకి నడవగలుగుతాం.

అదే పుస్తకం చివర బోరిస్ స్ట్రుగాట్‌స్కీ రాసిన చివరిమాట ఉంది. ముందు ఏం పెట్టాలి, వెనక ఏం పెట్టాలి అనే ప్రశ్నకి ఈ ఒక్క పుస్తకం చాలు. పత్రికలో 1972లోనే వచ్చిన నవల సోవియట్ యూనియన్‌లో పుస్తకంగా రావడానికి 1980 దాకా పట్టింది. ప్రచురణ సంస్థ ‘మోలొదాయా గ్వార్దియా’ సంపాదకులు పంపిన అభ్యంతరాల జాబితాలు మూడు శీర్షికల కింద ఉండేవని బోరిస్ చెప్తారు: పాత్రల అనైతిక ప్రవర్తన, శారీరక హింస, మోటు మాటలూ యాస పదాలూ. రాజకీయం కాదు! పాత్రలు తాగడం, తిట్టుకోవడం, కొట్టుకోవడం మీదే రచ్చంతా. నవల చదవకముందు ఇది తెలిస్తే ప్రతి పేజీలోనూ సెన్సారుని వెతుకుతాం, కథ జరిగే హార్మాంట్ ఊరు మాస్కోకి మారుపేరులా కనిపిస్తుంది, షూహార్ట్ మనిషిగా మిగలడు. చదివాక తెలిస్తే మాత్రం, సంపాదకులు కొట్టేయమన్న ఒక్కో ముక్కా ఆ మనుషులకి ఎంత అవసరమో మనకి అప్పటికే తెలిసి ఉంటుంది. ఆ జాబితా చదువుతుంటే కోపం మనకే వస్తుంది, ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈ నవల కొనేటప్పుడు ఒక జాగ్రత్త. 1977 మాక్‌మిలన్ ప్రతికి అనువాదం ఆంటొనినా బూయిస్‌ది, ముందుమాట థియొడోర్ స్టర్జన్‌ది. 2012 ప్రతికి అనువాదం ఒలీనా బొర్మషెంకోది. లెగ్విన్ ముందుమాట, బోరిస్ చివరిమాట కలిసి ఉన్నది ఇందులోనే. అట్టమీద నవల పేరు ఒకటే కాబట్టి పాతపుస్తకాల దుకాణంలోనైనా ఆన్‌లైన్‌లోనైనా అనువాదకుల పేరు చూసి తీసుకోండి. స్టర్జన్ ముందుమాట చెడ్డదని కాదు, పుస్తకం వేరని.

ఈ భాగంలో అన్నిటికన్నా ఇష్టంగా రాసినట్టు తోచేది వోండా మకింటైర్ ‘డ్రీమ్‌స్నేక్’ మీద వ్యాసం. 1978లో వచ్చిన ఈ నవల సైన్స్ ఫిక్షన్ బహుమతులు హ్యూగో, నెబ్యులా రెండూ గెలుచుకుంది. అయినా లెగ్విన్ ఈ వ్యాసం రాసేనాటికి అచ్చులో లేదు. ఎందుకు లేదన్నదే వ్యాసానికి ఇరుసు. కథానాయిక పేరు స్నేక్, వైద్యురాలు, మూడు పాములతో వైద్యం చేస్తుంది. పాములంటే జనానికున్న జడుపు ఒక కారణం కావచ్చంటారు. స్త్రీపురుష సంబంధాలని, కుటుంబాలని నవల చూపించిన తీరు ఇంకో కారణం కావచ్చంటారు. ఏదీ తేల్చి చెప్పరు గానీ, ప్రతి కారణాన్నీ పట్టుకుని నవలలోని ఒక గుణాన్ని మన ముందు పెడతారు. ‘గొప్ప నవల, అందరూ చదవాలి’ అని పది వాక్యాలు రాసినా రాని పని ఈ ఒక్క ప్రశ్నతో అయిపోతుంది. నవల పుట్టుక గురించి కూడా ఇందులో ఉంది. ఒక రచనా శిబిరంలో రెండు జాబితాల నుంచి చెరో మాట తీసుకుని కథ అల్లమన్నారు. మకింటైర్ చేతికొచ్చినవి ‘పాము’, ‘ఆవు’. ఆ అభ్యాసం నుంచి 1973లో ఒక కథ వచ్చింది, ఆ కథ పెరిగి నవలైంది.

అయితే ఈ వ్యాసాన్ని నవలకి ముందు చదవకూడదు. నవలలో ఒక పాత్రని మకింటైర్ ఒక ప్రత్యేకమైన పద్ధతిలో రాశారు. వాక్యనిర్మాణంలోనే దాచిన పద్ధతి అది. మొదటిసారి చదివేవాళ్లలో చాలామంది దాన్ని గమనించకుండానే దాటిపోతారు, అలా దాటిపోవడమే ఆ పద్ధతి గెలుపు. లెగ్విన్ ఆ పాత్ర పేరు చెప్పి మరీ విప్పుతారు. ఒకసారి తెలిశాక తెలియనట్టు చదవడం ఎవరివల్లా కాదు. అందుకే ఆ పాత్ర పేరు ఇక్కడ రాయడం లేదు. నవల పూర్తిచేసి, రెండురోజులు ఆగి ఈ వ్యాసం తెరవండి. మళ్లీ నవల దగ్గరికి పరిగెత్తి ఆ పేజీలు తిరగేస్తారు.

హక్స్‌లీ సంగతి వేరు. ‘హక్స్‌లీస్ బ్యాడ్ ట్రిప్’ అని శీర్షిక పెట్టినప్పుడే, ‘బ్రేవ్ న్యూ వరల్డ్’కి దండేసి కూర్చోబెట్టడానికి రాలేదని అర్థమవుతుంది. ముందుమాట రాసే మనిషి పుస్తకంతో వాదించవచ్చా? డబ్బు పెట్టి కొన్న పాఠకుడికి మొదటి పేజీల్లోనే ఈ నవలలో ఇబ్బందులున్నాయని చెప్పడం మర్యాదేనా? 1932 నాటి నవల, తొంభై ఏళ్లుగా పాఠ్యపుస్తకంలా చలామణీ అవుతున్నది కాబట్టి ఫర్వాలేదనే నేను అంటాను. అప్పటికే కీర్తికెక్కిన పుస్తకానికి మరో కీర్తన అక్కర్లేదు, ఎక్కడ గట్టిగా నొక్కి చూడాలో చెప్పే మనిషి కావాలి. అదే పని కొత్త రచయిత తొలి నవలకి చేస్తే అన్యాయం. లెగ్విన్ ఆ తేడా పాటించారు: మకింటైర్ వైపు నిలబడి మాట్లాడారు, హక్స్‌లీకి ఎదురుగా కూర్చుని మాట్లాడారు.

ఈ నవల విషయంలో కూడా వరస ముఖ్యం. హక్స్‌లీ తనే 1946లో దీనికి ఒక ముందుమాట రాశారు, చాలా ప్రతుల్లో అది నవలకి ముందే ఉంటుంది. తన సావేజ్ పాత్రకి రెండే దారులు మిగిల్చాననీ, మూడో దారి చూపించి ఉండాల్సిందనీ అందులో విచారిస్తారు. అంతటితో ఆగకుండా నవల ముగింపు కూడా బయటపెట్టేస్తారు! కాబట్టి మొదట నవల, ఆ తర్వాత 1946 ముందుమాట, ఆఖరున లెగ్విన్. రచయిత తన నవలలో ఏ లోపం చూశారో, మరో రచయిత్రి ఏ లోపం చూశారో పక్కపక్కన పెట్టుకుంటే, రెండూ ఒకటి కాదని తెలుస్తుంది.

ఇదే సంపుటి మూడో భాగంలోని సమీక్షలతో పోలిస్తే ముందుమాటల స్వభావం ఇంకా తేటపడుతుంది. మార్గరెట్ అట్వుడ్ ‘ది ఇయర్ ఆఫ్ ద ఫ్లడ్’ మీద 2009లో రాసిన సమీక్షలో, రచయిత్రి తన పుస్తకాన్ని సైన్స్ ఫిక్షన్ అనడానికి ఒప్పుకోరు కాబట్టి వాస్తవిక నవలకి వాడే కొలతలే వాడాల్సి వస్తోందని సూటిగా చెప్తారు. ముందుమాటలో ఈ మాటకి చోటు లేదు. సమీక్ష చదివేవాడు కొనాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు, ముందుమాట చదివేవాడు కొనేశాడు. మొదటివాడికి తీర్పు కావాలి, రెండోవాడికి తోడు కావాలి.

వెల్స్ మీద మూడున్నాయి: ‘ది టైమ్ మెషీన్’, ‘ది ఫస్ట్ మెన్ ఇన్ ద మూన్’ నవలలకి రాసినవి, మోడర్న్ లైబ్రరీ కోసం తనే ఎంపిక చేసిన వెల్స్ కథల సంపుటికి రాసినది. మూడూ కలిపి చదివితే వెల్స్ యంత్రాల రచయిత కాదు, జీవశాస్త్రం చదువుకున్న రచయిత అన్న సంగతి బుర్రకెక్కుతుంది. వెల్స్‌కి లండన్‌లో జీవశాస్త్రం చెప్పిన గురువు టి. హెచ్. హక్స్‌లీ, ఆయన మనవడే ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ రాసిన ఆల్డస్. ‘ది టైమ్ మెషీన్’లో ఎలోయ్, మొర్లాక్ అనే రెండు జాతులుగా చీలిన మనుషులు, ‘ది ఫస్ట్ మెన్ ఇన్ ద మూన్’లో పనికి తగ్గ ఒంటితో పెరిగే చంద్రవాసులు, ‘బ్రేవ్ న్యూ వరల్డ్’లో సీసాల్లో తయారయ్యే వర్గాలు — ఈ మూడింటినీ వరసలో పెట్టుకుని చదివే అవకాశం ఈ సంపుటి ఇస్తుంది. వెల్స్ నవలలకైతే లెగ్విన్ ముందుమాటలు ముందే చదవొచ్చు. కథ ఎలాగూ అందరికీ ఎంతోకొంత తెలిసిందే, పాడయ్యేదేమీ లేదు.

జాక్ వాన్స్ ‘ది లాంగ్వేజెస్ ఆఫ్ పావో’ మీద రాసింది భాషలంటే ఆసక్తి ఉన్నవాళ్లు వదలకూడదు. మాట్లాడే భాష మారిస్తే మనిషి ఆలోచన మారుతుందన్న ఊహ మీద కట్టిన నవల ఇది. ఒక గ్రహం జనంలో కొందరిని పోరాటానికి, కొందరిని సాంకేతిక పనికి, కొందరిని వ్యాపారానికి తయారుచేయడానికి వేరువేరు భాషలు సృష్టిస్తారు. ఈ ఊహకి మూలమైన సపీర్-వోర్ఫ్ సిద్ధాంతం, గట్టి రూపంలో, ఇవాళ భాషాశాస్త్రంలో నిలబడలేదు. లెగ్విన్ తండ్రి ఆల్‌ఫ్రెడ్ క్రోబర్ మానవశాస్త్రవేత్త, ఆ సిద్ధాంతం పేరులో ఉన్న భాషాశాస్త్రవేత్త సపీర్‌తో ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిపినవారు. అలాంటి ఇంట్లో పెరిగిన మనిషి ఈ నవల గురించి మాట్లాడితే ఆ మాటకి ఉండే బరువు వేరు.

ఫిలిప్ కె. డిక్, లెగ్విన్ ఒకే బడిలో, బర్క్‌లీ హైస్కూల్లో, ఒకే 1947 బ్యాచ్‌లో చదివారు, ఎప్పుడూ కలవలేదు. ‘ది మ్యాన్ ఇన్ ద హై కాసిల్’ ముందుమాట నవల ముందు చదివినా నష్టం లేదు, ఎందుకంటే ఆ నవల పట్టు ‘తర్వాత ఏమైంది’లో లేదు. లెమ్ ‘సొలారిస్’ మీదది చిన్నది, బాగుంది. దాంతో పాటు గుర్తుంచుకోవాల్సింది ఒకటే: చాలాకాలం ఇంగ్లీషులో దొరికిన 1970 అనువాదం పోలిష్ నుంచి కాక ఫ్రెంచ్ అనువాదం మీదుగా వచ్చింది. మూలం నుంచి నేరుగా బిల్ జాన్‌స్టన్ చేసిన అనువాదం 2011లో వచ్చింది.

సరమాగో వ్యాసం దగ్గర కొంచెం బోరు కొడుతుంది. అక్కడ చెప్పిన సంగతులే సమీక్షల భాగంలో ఆయన పుస్తకాల దగ్గర మళ్లీ తగులుతాయి. వరసగా చదివేవాళ్లకి ఇది ఇబ్బందే. ఇంకో పెద్ద లోటు, ఈ తరహా సంపుటాలన్నిటికీ ఉండేదే: ముందుమాటని దాని పుస్తకం నుంచి విడదీశాక, పేజీ తిప్పగానే మొదలవ్వాల్సిన నవల అక్కడ ఉండదు, ఇంకో ముందుమాట ఉంటుంది. ఒక్క బిగిన నాలుగు చదివితే ఏది దేనికి రాశారో కలగాపులగం అవుతుంది. దీన్ని అల్మరాలో ఉంచుకుని, నవల చదివినప్పుడల్లా ఒక్కో వ్యాసం తీసుకోవడమే సరైన పద్ధతి.

ముందుమాటలో తప్పు దొర్లితే ఏమవుతుందో ఈ రంగంలోనే పేరుపడ్డ ఉదాహరణ ఉంది. 1975లో జేమ్స్ టిప్‌ట్రీ జూనియర్ కథల సంపుటి ‘వార్మ్ వరల్డ్స్ అండ్ అదర్‌వైజ్’కి మరో సైన్స్ ఫిక్షన్ రచయిత రాబర్ట్ సిల్వర్‌బర్గ్ ముందుమాట రాశారు. టిప్‌ట్రీ అన్నది కలంపేరు, ఆ పేరు వెనక ఎవరున్నారో అప్పటికి ఎవరికీ తెలీదు, స్త్రీ కావచ్చన్న పుకారు ఉంది. సిల్వర్‌బర్గ్ ఆ పుకారుని కొట్టిపారేస్తూ, ఆ శైలి మగవాడిదే తప్ప మరొకటి కాదని వాదించారు. కొద్దికాలానికే టిప్‌ట్రీ అసలు పేరు ఆలిస్ షెల్డన్ అని బయటపడింది. తర్వాతి ముద్రణలో సిల్వర్‌బర్గ్ పాత మాటలు చెరిపేయకుండా, కింద అనుబంధం రాసి తప్పు ఒప్పుకున్నారు. అది పెద్దమనిషి తరహా. పొరపాటు పుకారు నమ్మకపోవడంలో లేదు. కథల గురించి చెప్పాల్సిన చోట రచయిత ఎవరన్న ఊహని కథలకి రుజువుగా వాడటంలో ఉంది. పత్రికలో పడిన తప్పు వారంలో మరుగునపడుతుంది, ముందుమాటలో పడిన తప్పు ఆ పుస్తకం ఉన్నన్నాళ్లూ ఉంటుంది. టిప్‌ట్రీ తర్వాతి సంపుటి ‘స్టార్ సాంగ్స్ ఆఫ్ యాన్ ఓల్డ్ ప్రైమేట్’ 1978లో వచ్చింది, దానికి ముందుమాట లెగ్విన్‌ది. రెండూ పక్కన పెట్టుకుని చదవండి.

హార్లన్ ఎలిసన్ పద్ధతి ఇంకో కొస. ఆయన సంకలనం చేసిన 1967 నాటి ‘డేంజరస్ విజన్స్’లో వేరువేరు రచయితల 33 కథలు, ఒక్కోదానికి ముందు ఎలిసన్ పరిచయం, వెనక ఆ రచయిత చివరిమాట. పరిచయాలు హుషారుగా ఉంటాయి, స్నేహాలు, తగాదాలు అన్నీ ఉంటాయి. మొదటిసారి అవే ముందు చదవబుద్ధేస్తుంది. రెండోసారి తెరిచినప్పుడు వాటిని దాటుకుని కథలోకి, కథ నుంచి రచయిత చివరిమాటలోకి వెళ్లిపోతాం. పరిచయకర్త గొంతు కథ గొంతు కన్నా పెద్దదైతే జరిగేది ఇది. లెగ్విన్ ముందుమాటల్లో ఆవిడ ఉంటారు గానీ కుర్చీ పక్కకి జరుపుకుని కూర్చుంటారు.

కొనేముందు: స్మాల్ బీర్ ప్రతి దొరక్కపోతే తర్వాత మెరీనర్ వేసిన పేపర్‌బ్యాక్ తీసుకోండి. ఆవిడ ప్రస్తావించిన నవలలు ఈబుక్‌గా కొనేవాళ్లకి ఇంకో మాట. ఉచితంగా చూపించే నమూనా సాధారణంగా పుస్తకం మొదటి పదో వంతే ఉంటుంది. చిన్న నవలకి పెద్ద ముందుమాట ఉంటే నమూనా అంతా ముందుమాటే అయిపోయి, నవలలో ఒక్క పేరా కూడా కనబడకపోవచ్చు. అప్పుడు విషయసూచికలోకి వెళ్లి ముందుమాట ఎవరిదో, అనువాదం ఎవరిదో చూసుకుని నిర్ణయించుకోండి. పాత ప్రతిలోని ముందుమాట కొత్త ప్రతిలో ఉండి తీరాలని లేదు; ప్రచురణ సంస్థ మారితే ముందుమాట కూడా మారిపోవడం మామూలే.

‘వర్డ్స్ ఆర్ మై మ్యాటర్’ 2000 తర్వాతి రచనలకే పరిమితం కాబట్టి టిప్‌ట్రీ సంపుటికి లెగ్విన్ రాసిన ముందుమాట ఇందులో వెతక్కండి. అది 1979లో వచ్చిన ‘ది లాంగ్వేజ్ ఆఫ్ ద నైట్’లో ఉంది, తన సొంత నవలలకి ఆవిడ రాసుకున్న ముందుమాటలు కూడా అందులోనే ఉన్నాయి. 2024లో అది రచయిత కెన్ లియు ముందుమాటతో మళ్లీ అచ్చయింది. రెండిట్లో ఒకటే కొనగలిగితే, ఇతరుల పుస్తకాల కోసం ‘వర్డ్స్ ఆర్ మై మ్యాటర్’, లెగ్విన్ నవలల కోసం ‘ది లాంగ్వేజ్ ఆఫ్ ద నైట్’. మొదటిది కొన్నవాళ్లు ‘డ్రీమ్‌స్నేక్’ కూడా అదే ఆర్డర్‌లో వేసుకోండి, దాని మీది వ్యాసం మాత్రం నవల అయ్యేదాకా తెరవకండి.